పాదాలు కనిపించే వీడియో

2020 ఏప్రిల్లో ఒకరోజు పొద్దున ఐదింటికి, హాల్లో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి పెట్టి, తాడిపత్రి బండల మీద మొదటిసారి అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి నాట్యానికి నిలబడే తీరులో, కూర్చున్నాను. అప్పటికి నాకు 39 ఏండ్లు. లాక్‌డౌన్ మొదలై నెల కాలేదు. నేను అకౌంట్స్ చూసే కాలేజీ మూసేసి, సగం జీతం ఇస్తామన్నారు. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కు, బస్సులు లేక ఆయనా ఇంట్లోనే. కొడుకు తొమ్మిదో తరగతి. అత్త లోపలి గదిలో నులక మంచం మీద. ఇంతమంది లేవకముందు నాకు దొరికేది ఒక్క గంట.

కూచిపూడి నేర్చుకోవాలన్నది నిన్నమొన్నటి కోరిక కాదు. నాకు పదేండ్లప్పుడు నాన్న నన్ను అనంతపురం లలిత కళా పరిషత్తుకు తీసుకుపోయినాడు. ఆయన కండక్టరు, ఆరోజు డ్యూటీ తొందరగా అయిపోయింది. ఒకామె ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడింది. పళ్లెం బండను గీరుకుంటూ ముందుకు పోయే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంటికొచ్చి అన్నం తట్ట మీద ఎక్కితే తట్ట వంగిపోయింది. నేర్పించమని అడిగితే అవ్వ, "గజ్జెలు కట్టిన పిల్లను ఎవరు చేసుకుంటారు?" అంది. నాన్న ఏం మాట్లాడలేదు. ఆయన దగ్గర ఫీజుకు డబ్బు కూడా లేదని నాకు తర్వాత తెలిసింది. కూచిపూడి భాగవతుల్లో ఎన్నో తరాల పాటు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టినారనీ, వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే నమ్మలేకపోయేవారనీ పెద్దయినాక చదివినప్పుడు, అవ్వ మాటకు వెనక ఉన్న భయం ఎంత పాతదో కొంచెం అర్థమయింది.

జియో వచ్చిన 2016 తర్వాత మా ఇంట్లో అందరూ ఏదో ఒకటి వీడియోల్లో నేర్చుకుంటూనే ఉన్నారు. నేనే ఆలస్యం. కూచిపూడి అని తెలుగులో కొట్టి వెతికినాను. నమస్కారం ఎట్లా చేయాలి, తాళం లెక్కలో తకధిమి అంటే నాలుగు, తకిట అంటే మూడు, తక తకిట అంటే ఐదు, తకిట తకధిమి అంటే ఏడు, సంకీర్ణమనే జాతికి తొమ్మిది, అన్నీ వీడియోల్లోనే తెలుసుకున్నాను. ఒకామె వంటింటి గట్టు మీద వేళ్లతో కొట్టి ఈ తాళం జాతులు చెప్పేది. అది చూసి నేను చపాతీ పిండి పిసుకుతూ ఐదు లెక్క పెట్టడం నేర్చుకున్నాను. పైసా తీసుకోకుండా అన్ని గంటలు కూర్చుని చెప్పిన ఆ మనుషుల మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. నాన్న ఫీజు కట్టలేకపోయిన చదువును వాళ్లు మా హాల్లోకి తెచ్చి పెట్టినారు.

అయితే ఏడాదిన్నర అట్లా నేర్చుకున్నాక నాకు తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే వాళ్లకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మొదటిది కుడి, ఎడమ. టీచరు మనకు ఎదురుగా నిలబడి కుడికాలు కొడితే, తెరలో అది మన ఎడమ పక్కన కనిపిస్తుంది. కొందరు వీడియోను అద్దంలో మాదిరి తిప్పి పెడతారు. అప్పుడు ఆమె కాలు ఏ పక్కనుంటే మన కాలూ ఆ పక్కే, లెక్క సులువు. కానీ తిప్పినారో లేదో చాలామంది చెప్పరు. నేను ఒక ఉపాయం కనుక్కున్నాను. పైట చూడాలి. మన కట్టులో పైట ఎడమ భుజం మీదే కదా. ఎదురుగా నిలబడిన టీచరు పైట తెరలో మన కుడి చేతి వైపు కనిపిస్తే అది మామూలు వీడియో. మన ఎడమ చేతి వైపు కనిపిస్తే తిప్పినది. ఇది తెలియక మూడు వారాలు ప్రతి అడుగూ ఎడమకాలితో మొదలుపెట్టినాను. తర్వాత కుడి చీలమండకు ఎర్ర దారం కట్టుకున్నాను. అత్త అది దిష్టికి కట్టుకున్నానేమో అనుకుంది.

రెండోది, దీని మీద నాకు కోపం కూడా ఉంది. పాదాలు కనిపించవు. నాట్యం నేర్పే వీడియోలో పాదాలు కనిపించవంటే ఎట్లా? ముఖం బాగా పడాలని కెమెరాను ఛాతీ ఎత్తులో పెడతారు. చీర, వెనక పెట్టిన నటరాజ విగ్రహం, పూలు, దీపం అన్నీ అందంగా ఉంటాయి. చీలమండ దగ్గర తెర కోసుకుపోతుంది. నిలువు ఫోనుకు తీసే చిన్న వీడియోలైతే నడుము వరకే. పాదం మొత్తం బండకు తగిలిందా, మునివేళ్లు ముందు తగిలి మడమ తర్వాత పడిందా, మడమ ఒక్కటే కొట్టిందా, ఈ మూడూ మూడు వేరు వేరు అడుగులు. పైనుంచి చూస్తే మూడూ ఒకటే. నేను గజ్జెల చప్పుడు విని ఊహించుకుని కొట్టేదాన్ని. ఊహ చాలాసార్లు తప్పింది.

మూడోది వేగం. వీడియోను సగం వేగానికి తగ్గించే సౌకర్యం ఉంది, అది పెద్ద వరమనుకున్నాను. చేతులకు అది వరమే. పతాకం నుంచి కర్తరీముఖానికి ఏ వేలు ముందు కదులుతుందో సగం వేగంలోనే చూసినాను. కానీ ఎగిరి దూకే అడుగు దగ్గర అది మోసం చేస్తుంది. నేను అట్లాంటి ఒక అడుగును సగం వేగంలో పెట్టి, తెరతో పాటు చేయబోతే ఎన్ని రోజులైనా కలవలేదు. మా వాడు ఇంటర్ ఫిజిక్స్‌కు వచ్చినాక ఒకరోజు ఊరికే అడిగితే కాగితం మీద లెక్క వేసి చెప్పినాడు. అర అడుగు ఎత్తు ఎగిరిన మనిషి గాల్లో ఉండేది దాదాపు సెకనులో మూడో వంతు. తెరలో ఆమె అంతకు రెట్టింపు సేపు గాల్లో ఉంటుంది. "భూమి నీ కోసం నిదానంగా లాగదు కదమ్మా" అన్నాడు. టీచరు విలంబ కాలంలో, అంటే తానే నిదానంగా, ఆడి చూపించడం వేరు, ద్రుతంలో, అంటే వేగంగా, ఆడినదాన్ని మనం సాగదీసి చూడడం వేరు. విలంబంలో ఆమె ఎంత ఎగరాలి, ఎప్పుడు మోకాలు వంచాలి అన్నది తన ఒంటితో సర్దుకుని చూపిస్తుంది. కాబట్టి మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, తానే ఆడి చూపించే టీచరు వీడియో దొరికితే దాన్ని వదలొద్దు. ఎంత పేరున్నవాళ్లదైనా, ఒక్క వేగంలోనే ఉన్నది పక్కన పెట్టండి.

మా వాడి సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. వాడు అదే లాక్‌డౌన్లో రూబిక్ క్యూబు నేర్చుకున్నాడు. ఒక వారం. ముందు ఒక ముఖం, తర్వాత నడిమి వరస, తర్వాత పై వరస. వీడియోనే వాడికి గురువు, ఇంకెవరూ అక్కర్లేకపోయింది. నేను అదే గదిలో అదే ఫోనుతో నెలలకొద్దీ కష్టపడినాను. వాడికి చిన్న వయసు, చురుకు, అందుకే అనుకున్నాను చాలారోజులు. ఆ మధ్య నేను వీడియో చూసి ధర్మవరం పట్టుచీర జాకెట్టు ముక్క కత్తిరించి పాడుచేసినాను. అందులో ఆమె 34 కొలతకు గీసి చూపించింది. నేను నా కొలతకు చంక దగ్గర ఎంత పెంచాలో తెలియక అన్ని పక్కలా ఒకే మాదిరి పెంచినాను. తొడుక్కుని చేయి పైకెత్తితే కుట్టు పట్టేసింది. తప్పని అప్పుడే తెలిసిపోయింది. పోయింది ముక్కే, రెండోసారి పాత నూలు చీర మీద కత్తిరించి సరిచేసుకున్నాను. అప్పుడు అర్థమయింది. క్యూబు తప్పు తిప్పితే రంగులు కలవవు, అది తానే చెప్తుంది. జాకెట్టు చంకలో పట్టి చెప్తుంది. ఓలిగ పిండి ఎక్కువైతే నోరు చెప్తుంది. అడుగు తప్పితే ఎవరు చెప్తారు? నేను తప్పు కొట్టినా తెరలో ఆమె అదే నవ్వుతో ముందుకు పోతుంది. తప్పు ఒంట్లో కూర్చుని, రోజూ సాధన చేసినకొద్దీ గట్టిపడుతుంది.

నన్ను నేను ఫోనులో తీసి చూసుకోవడం మొదలుపెట్టినాను. అది చాలా మేలు చేసింది. మొదటిసారి చూసుకున్నప్పుడు గుండె జారిపోయింది. నేను అరమండి అనుకుంటున్నది అసలు అరమండి కాదు, ముందుకు వంగి నిలబడడం. నడుము నిలబడలేదు, మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడం బదులు లోపలికి పడుతున్నాయి. అయినా చూసుకోవడంలో ఒక చిక్కు ఉంది. ఏం వెతకాలో తెలిస్తేనే కంటికి కనబడుతుంది. తెలియని తప్పును ఎన్నిసార్లు చూసినా తప్పుగా కనబడదు.

ఇట్లా ఉన్నప్పుడు అత్త.

అత్తకు అప్పుడు రెండు కండ్లలో శుక్లాలు. ఆస్పత్రులు మామూలు ఆపరేషన్లు ఆపేసినాయి కాబట్టి నెలలు నెలలు మసకలోనే గడిపింది. పొద్దున నేను కాళ్లు కొడుతుంటే ఆమెకు నిద్ర చెడిపోతుందేమోనని తలుపు దగ్గరికి వేసేదాన్ని. జూన్‌లో అనుకుంటాను, ఒక పొద్దున లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఏమ్మే, రెండో దెబ్బ తప్పుతాండాది."

నేను ఆగిపోయినాను. "లేచినావా అత్తా? చప్పుడైందా?"

"చప్పుడు గాదు మే. రెండోది ఎనకబడతాండాది. కుడికాలు గట్టిగా కొడతాండావు, ఎడంకాలు పుసుక్కున పడతాండాది."

"నీకు కనపడదు కదత్తా, ఎట్ల తెలిసె?"

"కనపడేదెందుకు? ఇనపడతాండాది గదా."

మళ్లీ కొట్టినాను. తకధిమి, తకధిమి. "ఆఁ, అదే. ఆ 'క' కాడ." ఆ రోజు తీసిన వీడియోను కండ్లు మూసుకుని విన్నాను. నిజం. 'త' బండ మీద పలుగు పడినట్టు, 'క' మెత్తటి చెప్పు జారినట్టు. రెండు నెలలు చూసుకుంటున్నాను, ఒక్కసారి కూడా వినలేదు.

కళ్యాణదుర్గం దిక్కు ఒక పల్లె అత్తది. చిన్నప్పుడు కోలాటం వేసిందని నాకు పెండ్లయిన ఇరవై ఏండ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆ బాధ నాకుంది. ఆ పొద్దున నుంచి రోజూ ఇంత ఇంత చెప్పింది. శెనక్కాయ పీకడం అయిపోయినాక, పనులు తగ్గిన రోజుల్లో, వేరే ఊరి నుంచి ఒక అయ్యవారు వచ్చి నెలరోజులు ఉండేవాడట. ఇంటింటికీ ఇంత అని గింజలు పోగుచేసి ఇచ్చేవాళ్లట. రామాలయం ముందర ఎన్నెల్లో లోపలి వరస, బయటి వరస. మగవాళ్లకు చెక్కభజన, ఆడపిల్లలకు కోలాటం. ఇద్దరిద్దరు ఒక ఉద్ది. ఒక్కో కోపు, అంటే ఒక్కో అడుగుల వరస, రెండు మూడు రాత్రుల్లో వచ్చేసేదట.

"అంత బిన్నా ఎట్ల వచ్చేది అత్తా?"

"తప్పు కొడితే ఉద్ది కట్టె మన ఏలు మీద పడతాది మే. రెండు తూర్లు పడితే మూడోతూరి నువ్వే సరిగ కొడతావు."

క్యూబు గురించి, జాకెట్టు గురించి నేను నెలల తరబడి కూడదీసుకున్న ఆలోచన ఆమె నోట్లో ఇంత చిన్నగా ఉండింది. నాకు ఎదుట కట్టె పట్టుకున్న ఉద్ది లేదు. అంతే. అప్పటి నుంచి అత్త మంచాన్ని తలుపు దగ్గరికి జరిపినాము. పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చి నేను మొదలుపెట్టేదాన్ని. ఆమెకు కూచిపూడి తెలియదు. చేతులు, చూపులు, అభినయం గురించి ఒక్క మాటా అనేది కాదు. తాళం గురించి మాత్రం విడిచిపెట్టేది కాదు. "రొంత నిదానం", "ఇప్పుడు ఉరుకుతాండావు", "శ్వాస బిగబట్టినావు, కాలు బరువైంది." శ్వాస సంగతి చప్పుడులో ఎట్లా తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ప్రతిసారీ నిజమే.

ఆ ఏడాది చివర్లో మోకాలు నొప్పి మొదలయింది. కుడి మోకాలి లోపలి పక్క. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. నొప్పి వస్తే సాధన సరిగా జరుగుతున్నట్టేనని ఒక వీడియోలో చెప్పగా విని నమ్మి రెండు నెలలు ఓర్చుకున్నాను. ఓర్చుకోకుండా ఉండాల్సింది. కండరం నొప్పి వేరు, కీలు నొప్పి వేరు. తొడ కండ పులిసినట్టు ఉండి రెండు రోజుల్లో పోతే అది సాధన. మోకాలి కీలులో ఒకే చోట పొడిచినట్టు ఉండి, రోజురోజుకూ పెరిగితే అది ఆపమని చెప్పడం. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముకకు ఏమీ కాలేదన్నాడు. ఆరు వారాలు కాలు కొట్టొద్దన్నాడు. ఏ నేల మీద చేస్తున్నావని అడిగినాడు. చెప్తే తల పట్టుకున్నాడు.

మా జిల్లాలో సగం ఇండ్లలో ఈ బండలే. ఎండాకాలం చల్లగా ఉంటాయి, తుడిస్తే నల్లగా మెరుస్తాయి, మాకు ఇష్టం. కానీ కింద సిమెంటు, పైన రాయి. కాలు కొట్టిన దెబ్బలో ఇసుమంత కూడా అది మింగదు, మొత్తం తిరిగి మోకాలికే ఇస్తుంది. దానికి తోడు మోకాళ్లు లోపలికి పడుతున్నాయి. అరమండిలో మోకాలు పాదం వేళ్లు చూసే దిక్కుకే వంగాలి. పాదాన్ని బలవంతంగా పక్కకు తిప్పి, తుంటి తెరుచుకోక మోకాలు వెనకబడితే, ఆ మెలిక అంతా కీలు మీద పడుతుంది. చాప వేసుకుంటే జారుతుంది, జంపఖానా మడతలు పడుతుంది. చివరికి వడ్రంగి దగ్గర ఆరడుగుల ప్లైవుడ్ పలక కోయించి, కింద కొబ్బరి పీచు పట్టలు రెండు పరిచినాము. మా ఆయన గ్యారేజీ అలవాటుతో మూలలకు రబ్బరు ముక్కలు కొట్టి కదలకుండా చేసినాడు. వాయిదా వేయకుండా ముందే చేసుకోవాల్సిన పని అదే. బండ మీద నేర్చుకుంటున్న పిల్లలున్న తల్లులకు ఇది చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది.

2021 చివర్లో, ఊర్లో క్లాసులు మళ్లీ తెరిచినాక, ఒక టీచరమ్మ దగ్గర చేరినాను. ఏడెనిమిదేండ్ల పిల్లల పక్కన నేను. ఆమె మొదటిరోజు నాకు ఏమీ చూపించలేదు. "మీకు వచ్చింది చేయండి" అని చెప్పి, పది నిమిషాలు కూర్చుని చూసింది. ఏడాదిన్నరలో నేను చేసేదాన్ని నాట్యం తెలిసిన కండ్లు చూడడం అదే మొదలు. నాకు చేతులు వణికినాయి. అయిపోయినాక ఆమె అన్న మొదటి మాట: "కూర్చోవడం భరతనాట్యం, లేవడం కూచిపూడి." అడవు, అంటే నాట్యంలో అడుగుల పాఠం, అని వెతికితే వచ్చే వీడియోల్లో భరతనాట్యానివి చాలా ఉంటాయి. పేర్లు దగ్గరగా ఉంటాయి, నాకు తేడా తెలియక రెండింటినీ కలిపేసుకున్నాను. భరతనాట్యంలో గీత గీసినట్టు నిలకడ. కూచిపూడిలో మోకాలు మెత్తగా ఊగుతుంది, ఒంటిలో ఒక తేలిక ఉంటుంది. కూచిపూడిలోనే మళ్లీ బాణీలు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి తీర్చిదిద్దిన పద్ధతి ఒకటి, కూచిపూడి ఊరి భాగవతుల ఇండ్లలో వచ్చింది ఇంకొకటి. నేను ఐదారుగురి వీడియోలు చూసి ఒక్కొక్కరి నుంచి ఒక్కో అడుగు తెచ్చుకున్నాను. "ఇకపై ఇంట్లో ఒక్కరివే చూడండి" అంది టీచరమ్మ. తర్వాత నా వెనక నిలబడి, నడుము మీద రెండు వేళ్లు ఆనించి కొంచెం పైకి లేపింది. మోకాళ్లు వాటంతట అవే పక్కలకు తెరుచుకున్నాయి. ఆ రెండు వేళ్ల బరువు ఎంతో నేను ఇప్పుడు కూడా చెప్పగలను.

తర్వాత తాళం వేసింది, చెక్క మీద కర్రతో. మూడు కాలాల్లోనూ కొట్టించింది. "కాళ్లు మాత్రం ఎవరో బాగా దిద్దినారు, ముందు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది.

"మా అత్త దగ్గర" అన్నాను.

వీడియోలు మానేయలేదు నేను. ఇప్పుడు ఇంకా ఎక్కువ చూస్తాను, ఎందుకంటే ఏం చూడాలో తెలిసింది. క్లాసులో వారానికి రెండుసార్లు టీచరమ్మ చూస్తుంది, మిగతా ఐదు రోజులూ ఫోనే. చూపించే పని వీడియో మనిషి కంటే బాగా చేస్తుంది కూడా. ఒక్క ముద్రను వందసార్లు అడిగినా విసుక్కోదు. చూసే పని మాత్రం దానికి చేతకాదు. నేర్పేవాళ్లు దొరకని పల్లెలో ఉన్నవాళ్లకు నా మాట ఒక్కటే. కూచిపూడి తెలిసిన మనిషి దొరకకపోతే తాళం తెలిసిన మనిషిని వెతకండి. మీ ఊర్లో చెక్కభజన గురువు ఉంటాడు, పండరి భజన వేసినాయన ఉంటాడు, ఉరుము డోలు కొట్టేవాళ్లుంటారు, కర్నూలు దిక్కయితే డమరుకం కొడుతూ ఆడే గొరవయ్యలుంటారు. రోజూ పది నిమిషాలు వాళ్ల ముందు కాలు కొట్టండి.

2022లో అత్తకు రెండో కంటి ఆపరేషన్ కూడా అయినాక అందరం లేపాక్షి పోయినాము. ఎవరైనా ఆ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, మా వాడూ అదే పనిలో ఉన్నాడు. నేను అదే నాట్య మండపంలో నడిమి స్తంభాల దగ్గరే ఉండిపోయినాను. ఆ స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు. ఒక స్తంభం మీద భృంగి, మూడు కాళ్లతో. ఆయనే ఆ సభలో నాట్యాచార్యుడు. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోయినప్పుడు మూడు కాళ్లు చూసి భయపడినట్టు గుర్తు. ఈసారి నేను కాళ్లనే చూస్తూ స్తంభం స్తంభానికీ తిరిగినాను. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ కాలం నాటి శిల్పులు, నాలుగు వందల ఏండ్లు దాటింది, ఎవరూ బొమ్మను చీలమండ దగ్గర ఆపేయలేదు. అత్త కొత్త కండ్లతో భృంగి ముందు చాలాసేపు నిలబడింది. "ఈయప్ప మూడు కాళ్లతో యెట్ల తాళం తప్పకుండ ఆడతాండాడో" అంది.

పోయిన సంక్రాంతికి ముందు బెంగళూరు నుంచి మా ఆడబిడ్డ కూతురు ఫోన్ చేసింది. వాళ్ల అపార్ట్‌మెంటులో తెలుగువాళ్లు కోలాటం వేద్దామనుకుంటున్నారట, వీడియోల్లో వెతికితే అన్నీ స్టేజీ మీద గుంపుగా వేసేవే, నేర్చుకునేటట్టు లేవట. "అవ్వకు వచ్చు కదా, తీసి పంపత్తా" అంది. అత్త మొదట ఒప్పుకోలేదు. 74 ఏండ్లు, నలుగురు చూస్తారని సిగ్గు. మనవరాలు అడిగిందని చివరికి సరేనంది.

సాయంత్రం మిద్దె మీద తీసినాము. వీడియో చేయడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఫోనును మెట్టు మీద మోకాలి ఎత్తులో పెడితే పాదాలు పడినాయి గానీ కట్టెలు పైన కోసుకుపోయినాయి. వెనక్కి జరిపితే కట్టెల చప్పుడు గాలికి వినబడలేదు. ఎదురుగా తీసింది చూస్తే కుడి ఎడమల గొడవ నాకు తెలుసు, అందుకని అదే కోపును ఆమె వెనక నుంచి ఇంకోసారి తీసినాను. చీర పాదాలను కప్పేస్తోందంటే అత్త కుచ్చిళ్లు ఎత్తి నడుములో చెక్కుకుంది, నిన్నటి దాకా సిగ్గుపడిన మనిషి. ఉద్ది లేకుండా కోపు చూపించడం కుదరదంది. కాబట్టి నేనే ఎదుట కట్టెలు పట్టుకున్నాను. రెండోసారే నా చూపుడు వేలు మీద పడింది, గట్టిగానే. అత్త ఆగలేదు, పాట ఆపలేదు. నాలుగోసారికి నా కట్టె సమయానికి పైకి లేచింది. చేవకట్టె చేవకట్టెకు తగిలిన చప్పుడు పక్క మిద్దెలదాకా పోయింది, పిల్లలు గోడ మీద నుంచి తొంగి చూసినారు. అయిదుసార్లు తీసి, ఎదురు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, కాళ్లు మాత్రమే ఒకటి, మొత్తం మూడు పంపినాము.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల తాను వేసింది తీసి పంపింది. కార్లు పెట్టుకునే చోట నలుగురు ఆడవాళ్లు, చుడీదార్లు, ప్లాస్టిక్ కట్టెలు. నేను ఫోను అత్త ముందర పట్టుకున్నాను. చూడమంటే ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, తెర వైపు చూడకుండా చెవికి ఆనించుకుంది. మొత్తం అయిపోయిందాకా కదల్లేదు.

"ఇంగోతూరి పెట్టు మే" అంది. పెట్టినాను. "నలుగురిలో ఒకామె రెండో దెబ్బ ఉరుకుతాండాది. మన పాపేమో అది, అడుగు. రొంత నిదానంగా కొట్టమని చెప్పు, మళ్లా పంపమను."